పెనుకొండ మీద కోణం, కరణం నోట ఊరు

హిందూపురం చుట్టూ రాష్ట్ర సరిహద్దు ఎలా మెలికలు తిరిగిందో పటంలో చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. దక్షిణంగా కాస్త దూరం పోతే గౌరిబిదనూరు, కర్ణాటక. పడమట మడకశిర మళ్ళీ మనది. దాని పైన పావగడ మాత్రం కర్ణాటకది, ఇంచుమించు మూడు వైపులా ఆంధ్ర పల్లెలే. ఈ గీతకు మూలం 1799లో శ్రీరంగపట్నం పతనం తర్వాత జరిగిన పంపకంలో ఉంది. టిప్పు సుల్తాను రాజ్యంలో కొన్ని సీమలు మైసూరు ఒడెయర్లకు, కొన్ని నిజాముకు, కొన్ని కుంపిణీకి, అంటే ఈస్టిండియా కంపెనీకి, పోయాయి. నిజాము తన వాటాను మరుసటి ఏడే, 1800 అక్టోబరులో, కుంపిణీకి వదిలేశాడు. అలా వదిలేసిన సీమలే దత్తమండలం. పెనుకొండ, ధర్మవరం, హిందూపురం అందులోకి వచ్చాయి.

పంపకం కాగితం మీద జరిగింది. నేల మీద ఏ ఊరు ఎవరిదో, ఏ వాగు దాకా ఎవరి హద్దో తేల్చేవాళ్ళు కావాలి. ఆ పని నెత్తికెత్తుకున్నవాడు కాలిన్ మెకంజీ. మైసూరు సర్వే అధికారిగా 1799లో మొదలుపెట్టి, 1809 నుంచి దత్తమండలం సర్వే కూడా నడిపించాడు. తెలుగు చదువరులకు ఆయన కైఫీయత్తుల మెకంజీగానే తెలుసు. కైఫీయత్తులంటే ఊరివాళ్ళ నోట రాయించుకున్న గ్రామ వృత్తాంతాలు. తాళపత్రాలు, శాసనాలు పోగు చేసిన దొరగా చెప్పుకుంటాం. కానీ ఆయన బతుకుతెరువు సర్వే. కైఫీయత్తులు పుట్టింది కూడా ఆ సర్వే కడుపులోనే. ఈ రెంటినీ విడదీసి చూస్తే మనిషీ అర్థం కాడు, ఆయన గీయించిన పటమూ అర్థం కాదు.

మెకంజీ 1754లో స్కాట్లండుకు వాయవ్యాన ఉన్న లూయిస్ దీవిలో, స్టోర్నవే రేవులో పుట్టాడు. అక్కడే సుంకాల కచేరీలో ఉద్యోగం చేశాడు. లెక్కలంటే ప్రాణం. లాగరిథంలు కనిపెట్టిన జాన్ నేపియర్ జీవితచరిత్ర రాయడానికి ఆ వంశంవాళ్ళే పూనుకున్నప్పుడు, హిందువుల గణితం గురించి వివరాలు సేకరించే పని ఈ కుర్రాడికి అప్పగించారు. 1783లో, ఇరవై తొమ్మిదో ఏట, మద్రాసులో దిగాడు. నేపియర్ల ఆడపడుచు హెస్టర్ జాన్‌స్టన్ మదురైలో కాపురం ఉండేది. ఆమె పిలుపు మీద అక్కడికి వెళ్ళి పండితులతో కూర్చున్నాడు. ఈ దేశంలో తెలుసుకోవలసింది ఎంత ఉందో అక్కడ తెలిసొచ్చింది. పుస్తకం మాత్రం పూర్తి కాలేదు. లాగరిథంల చరిత్ర కోసం వచ్చినవాడు మిగతా జీవితమంతా ఆ లాగరిథం పట్టికలు పక్కన పెట్టుకుని త్రిభుజాలు కట్టాడు. ఎందుకు కట్టాలో చెప్పాలంటే పెనుకొండ ఎక్కాలి.

పెనుకొండ మీద నిలబడితే నైరుతిగా హిందూపురం వైపు గీత గీస్తే సుమారు ముప్పై కిలోమీటర్లు, ఈశాన్యంగా ధర్మవరం వైపు సుమారు నలభై. మధ్యలో గుట్టలు, చెరువులు, ముళ్ళపొదలు. ఈ దూరాన్ని నేల మీద గొలుసుతో కొలుచుకుంటూ పోతే ప్రతి వాగు దగ్గరా, ప్రతి గుట్ట దగ్గరా తప్పు చేరుతుంది. తప్పు మీద తప్పు పేరుకుంటే ధర్మవరం చేరేసరికి ఊరు ఊరే పక్కకు జరుగుతుంది. సర్వేయర్ల ఉపాయం ఏమిటంటే, దూరాన్ని ఒక్కచోటే, బల్లపరుపు నేల మీద, ప్రాణం పెట్టి కొలవడం. దాన్ని ఆధారరేఖ అంటారు. అక్కడి నుంచి ఇక దూరాలు కొలవనక్కర్లేదు. కోణాలు చాలు.

ఉదాహరణకు ఆధారరేఖ ఏడు మైళ్ళు అనుకుందాం. ఒక కొసన కోణాలు కొలిచే థియోడొలైట్ పెట్టి ఎదుటి కొసనూ కొండ శిఖరాన్నీ చూస్తే మధ్య కోణం 70 డిగ్రీలు. రెండో కొస నుంచి చూస్తే 60. మూడోది, కొండ దగ్గరిది, ఎక్కకుండానే తెలుస్తుంది: 50. ఇక మొదటి కొస నుంచి శిఖరానికి దూరం కావాలంటే ఏడును 60 డిగ్రీల సైన్‌తో గుణించి, 50 డిగ్రీల సైన్‌తో భాగించాలి. జవాబు 7.91 మైళ్ళు. ఇప్పుడు మీట నొక్కితే వస్తుంది. అప్పుడు ఏడెనిమిది అంకెల దశాంశాలను చేత్తో గుణించి, భాగించి చూడాలి, గుడారంలో, దీపం వెలుగులో, ఒక్కొక్క త్రిభుజానికీ. నేపియర్ పట్టికలు ఆ గుణకారాన్ని కూడికగా, భాగహారాన్ని తీసివేతగా మార్చేశాయి. ఏడుకు లాగరిథం 0.8451. దానిలోంచి 0.0625 తీసేసి 0.1157 కలిపితే 0.8983. ఆ అంకెకు ఎదురుగా పట్టికలో ఉన్న సంఖ్య 7.91. అంతే. వందల త్రిభుజాల సర్వే మనుషుల చేతుల్లో సాధ్యమైందంటే ఈ పట్టికల చలవే.

అలా తేలిన భుజం మీద ఇంకో త్రిభుజం, దాని భుజం మీద మరొకటి. కొండ నుంచి కొండకు పటం పాకుతుంది. ఈ సీమ దీనికి పెట్టింది పేరు. చుట్టూ మైదానం, నడుమ విడివిడిగా లేచిన నల్లరాతి గుట్టలు, చాలా గుట్టల మీద పాడుపడిన కోటలు. శత్రువు ఎటునుంచి వస్తున్నాడో చూడటానికి పాలెగాళ్ళు ఎంచుకున్న శిఖరాలే సర్వేయరుకూ పనికొచ్చాయి. నాలుగు దిక్కులా కనిపించాలన్నదే ఇద్దరి అవసరమూ. తళ్ళికోట యుద్ధం తర్వాత విజయనగర రాజులు రాజధానిగా చేసుకున్న పెనుకొండకు ఆ ఎత్తే బలం.

కోణం విషయంలో ఏమరుపాటు పనికిరాదు. ముప్పై మైళ్ళ దూరంలో ఉన్న గుర్తును చూసేటప్పుడు డిగ్రీలో అరవయ్యో వంతు, ఒక్క నిమిషం, తప్పితే ఆ గుర్తు 46 అడుగులు పక్కకు పోతుంది. దీనికి తోడు భూమి గుండ్రం. బడిలో త్రిభుజం కోణాల మొత్తం 180 అని నేర్చుకుంటాం. ముప్పై మైళ్ళ భుజాల త్రిభుజాన్ని భూమి మీద నిజంగా కొలిస్తే మొత్తం 180 డిగ్రీల మీద అయిదు సెకన్లు ఎక్కువ వస్తుంది. అయిదు సెకన్లంటే డిగ్రీలో ఏడు వందల ఇరవయ్యో వంతు. మెకంజీకి ఇది పెద్ద అడ్డంకి కాదు. ఆయనకు కావలసింది ఊళ్ళు, చెరువులు, దారులు సరిగ్గా పడే పటం. ఆ అయిదు సెకన్ల కోసమే జీవితం ధారపోసిన మరో మనిషి అదే కాలంలో ఇవే కొండల మీదుగా సాగిపోయాడు. ఆయన విలియం లాంబ్టన్.

లాంబ్టన్ ప్రశ్న వేరు. భూమి ధ్రువాల దగ్గర ఎంత నొక్కుకుపోయింది? తెలియాలంటే ఉత్తర దక్షిణాలుగా ఒక పొడవాటి గీత మీద, ఒక్కో డిగ్రీ అక్షాంశం నేల మీద ఎంత పొడవుందో చూడాలి. 1802లో మద్రాసు దగ్గర సెయింట్ థామస్ మౌంట్ కింద ఏడున్నర మైళ్ళ ఆధారరేఖ కొలిచి మొదలుపెట్టాడు. 1804లో బెంగళూరు దగ్గర మరొకటి. మద్రాసు నుంచి త్రిభుజాల మీదుగా లెక్కించి తెచ్చిన పొడవుకీ, బెంగళూరులో గొలుసుతో నిజంగా కొలిచిన పొడవుకీ ఏడు మైళ్ళలో వచ్చిన తేడా నాలుగు అంగుళాల లోపే. తర్వాత కొలిచినవాటిలో ఒకటి 1811లో గుత్తి దగ్గర. బెంగళూరు, పెనుకొండ, గుత్తి మూడూ ఇంచుమించు ఒకే రేఖాంశం మీద, 77 డిగ్రీల 35, 40 నిమిషాల దగ్గర ఉన్నాయి. ధర్మవరం కాస్త తూర్పున. తర్వాత హిమాలయాల పాదాల దాకా సాగిన ఆ మహాచాపం ఈ నేల మీదుగానే పైకి పోయింది. అర టన్ను బరువున్న థియోడొలైట్‌ను మనుషులు మోసుకుని తిరిగారు.

ఆధారరేఖ కొలవడం ఎంత ఓర్పు పనో ఈ జిల్లా ఎండ తెలిసినవాళ్ళు ఊహించుకోగలరు. వంద అడుగుల ఉక్కు గొలుసు పది డిగ్రీల సెల్సియస్ వేడెక్కితే మూడున్నర మిల్లీమీటర్లు సాగుతుంది. ఒక్క గొలుసు పొడవులో అదేం లెక్క అనిపిస్తుంది. ఏడు మైళ్ళలో ఆ గొలుసు మూడు వందల డెబ్భైసార్లు పడాలి. తేడా నాలుగు అడుగులు దాటుతుంది. అందుకే గొలుసును చెక్కపెట్టెల్లో పరిచి, నీడ పట్టి, పక్కన ఉష్ణమాపకాలు పెట్టి, ప్రతిసారీ వేడి రాసుకునేవాళ్ళు.

కొలతలో మూడో రకం కూడా ఉంది. రైతుకు తగిలింది అదే. దత్తమండలానికి ప్రిన్సిపల్ కలెక్టరుగా వచ్చిన థామస్ మన్రో 1802లో చేను చేనునూ కొలిపించడం మొదలుపెట్టాడు. అప్పటికి ఈ సీమలో ఎనభై మంది పాలెగాళ్ళు, వాళ్ళ వెనక ముప్పై వేల మంది బంట్లు. భూమి లెక్క కరణం కవిలెలో ఎంతుందో అంతే. మన్రో గొలుసు పొడవు 33 అడుగులు. దాన్ని నాలుగు వైపులా వేస్తే వచ్చే చదరం ఒక గుంట, 121 చదరపు గజాలు. నలభై గుంటలు ఒక ఎకరం. ఇంగ్లండు ఎకరాన్ని రైతు వేలి మీద లెక్కపెట్టగలిగేలా ఎంత నేర్పుగా అమర్చారో గమనించండి. ఈ రోజుకీ తెలంగాణలో, కర్ణాటకలో గుంటల్లో మాట్లాడుకునేవాళ్ళు ఆ 33 అడుగుల లెక్కనే పలుకుతున్నారు. మన పల్లెల్లో సెంట్లంటాం. గుంటంటే రెండున్నర సెంట్లు.

ఒకే పెనుకొండ నేలను ఒకే తరంలో ముగ్గురు మూడు రకాలుగా కొలిచారన్నమాట. మన్రోకు కావలసింది శిస్తు, లాంబ్టన్‌కు భూమి ఆకారం. మెకంజీకి ఏం కావాలో చెప్పడమే కష్టం. దారులు, కనుమలు, కోటలు, నీటి వసతులు కుంపిణీ సైన్యానికి అవసరం. అందుకే జీతమిచ్చి పంపారు. కానీ ఆయన అంతటితో ఆగలేదు. ఈ ఊరు ఎవరు కట్టించారు, ఈ చెరువు ఎప్పటిది, ఆ గుడి ముందు రాతి మీద ఏముంది, ఇంతకుముందు ఏలినవాళ్ళెవరు, ఏం పండుతుంది, ఎవరెవరు ఉంటారు అని అడిగించాడు. కుంపిణీ ఇవేవీ తప్పనిసరిగా కోరలేదు. ఖర్చులు తగ్గించమని ఒత్తిడి కూడా తెచ్చింది. తన డబ్బు పెట్టుకుని అడిగించాడు.

ఇక్కడ పెద్ద చిక్కు. మెకంజీకి మన భాషలేవీ రావు. ఆ మాట ఆయనే ఒప్పుకున్నాడు. కాగితం పట్టుకుని ఊళ్ళోకి వచ్చి ప్రశ్నలడిగేవాణ్ణి చూస్తే శిస్తు పెంచడానికే వచ్చాడని కరణం అనుకుంటాడు. ఆ అనుమానం అబద్ధమూ కాదు, మన్రో గొలుసు అదే దారిన తిరుగుతోంది. నోరు విప్పించాలంటే ఆ నుడికారం తెలిసినవాడు, మర్యాద తెలిసినవాడు కావాలి.

ఆ లోటు తీర్చినవాళ్ళు ఏలూరు నుంచి వచ్చిన నియోగి సోదరులు. వాళ్ళలో కావలి వెంకట బొర్రయ్య 1796లో మెకంజీ దగ్గర చేరేటప్పటికి ఇరవై ఏళ్ళవాడు. పాత కన్నడ శాసనాల లిపి విప్పాడు, ఊరూరా తిరిగి పెద్దల చేత మాట్లాడించాడు, మిగతా గుమాస్తాలకు దారి చూపాడు. 1803లో, ముప్పై నిండకుండానే, కన్నుమూశాడు. పద్నాలుగేళ్ళ తర్వాత, 1817లో, తన జీవితం గురించి రాసిన ఒక ఉత్తరంలో మెకంజీ ఆ కుర్రవాణ్ణి తలుచుకున్నాడు. భారతీయ విజ్ఞానపు వాకిలి తనకు తెరిచింది అతనేనని, అంతకుముందు తాను ఇక్కడ గడిపిన పదమూడేళ్ళలో ఈ విషయంలో ఒరిగింది పెద్దగా లేదని చెప్పుకున్నాడు. బొర్రయ్య తర్వాత పని తమ్ముడు లక్ష్మయ్య చేతికి వచ్చింది. మరో తమ్ముడు రామస్వామి దక్కను కవుల గురించి 1829లో ఇంగ్లీషులో పుస్తకం ప్రచురించాడు. లక్ష్మయ్య కింద పనిచేసిన గుమాస్తాలు కాలికి బలపం కట్టుకుని తిరిగారు.

అడిగితే ఏం దొరుకుతుందో మెకంజీ సహాయకుల్లో ఒకడైన జాన్ వారెన్‌కు 1802లో అనుభవమైంది. మైసూరు తూర్పు హద్దు కొలుస్తూ కోలారు ప్రాంతంలో తిరుగుతున్నప్పుడు, ఇక్కడి మన్నులో బంగారం ఉందని పల్లెజనం అనుకునే మాట అతని చెవిన పడింది. బంగారం చూపించినవాళ్ళకు బహుమానం ఇస్తానన్నాడు. ఊళ్ళవాళ్ళు బళ్ళ కొద్దీ మట్టి తెచ్చి అతని ఎదుటే కడిగి పసిడి రేణువులు చూపారు. కోలారు బంగారు గనుల గురించిన తొలి ఆధునిక నివేదిక అదే. థియోడొలైట్‌తో కనిపించేది కాదది.

దత్తమండలం సర్వే 1809 నుంచి 1815 దాకా నడిచింది. 1811లో మెకంజీ జావా యుద్ధానికి వెళ్ళాల్సి వచ్చింది, రెండేళ్ళ పైగా అక్కడే. పని ఆగలేదు. మద్రాసు సర్వే బడిలో తయారైన కుర్రాళ్ళు నడిపించారు. ఆ బడి 1794లో మొదలైంది. అందులో చాలామంది మగపిల్లల అనాథాశ్రమం నుంచి వచ్చినవాళ్ళు, తెల్ల సిపాయిలకు ఇక్కడి ఆడవాళ్ళకు పుట్టినవాళ్ళు. పదిహేను పదహారేళ్ళకే చేతికి పరికరం వచ్చేది. వాళ్ళ ముఖ్య సాధనం మూడు కాళ్ళ సర్వే బల్ల. పైన కాగితం బిగించి, త్రిభుజాల సర్వేలో తేలిన కొండలను ముందే చుక్కలుగా గుర్తించుకుంటారు. ఊరి బయట బల్ల నిలబెట్టి, చూపుబద్దను ఒక చుక్క మీదుగా ఆ కొండవైపే తిప్పి గీత గీస్తారు. ఇంకో కొండవైపు ఇంకో గీత. మూడో కొండవైపు మూడో గీత. మూడూ ఒక్క చోట కలిస్తే తాము నిలబడ్డ చోటు అదే. కలవకుండా చిన్న త్రిభుజం మిగిలితే ఎక్కడో తప్పు జరిగింది, మళ్ళీ చూడాలి. లెక్క లేదు, పట్టిక లేదు. పటం కళ్ళముందే, ఆ నేల మీదే పుడుతుంది. మన ఫోన్లో నీలం చుక్క కూడా ఉపగ్రహాల నుంచి దూరాలు తీసుకుని ఇలాంటి ఖండన బిందువునే వెతుకుతుంది.

ఆ కుర్రాళ్ళు చెరువు చుట్టుకొలత గీస్తుంటే, గుమాస్తాలు చెరువు కథ రాయించుకున్నారు. ధర్మవరం చెరువు క్రియాశక్తి ఒడెయరు కట్టించాడనీ, ఊరి పేరు ఆయన తల్లి ధర్మాంబదనీ అక్కడివాళ్ళు చెబుతారు. హిందూపురం గుత్తి మురారిరావు తన తండ్రి హిందూరావు పేరిట కట్టించిన ఊరని ప్రతీతి. ఇలాంటి మాటలన్నీ చరిత్ర పరీక్షకు నిలవవు. ఒక ఊరి కైఫీయత్తులో శతాబ్దాలు కలగాపులగం అవుతాయి, ఒక రాజు ఇంకో రాజుకు తండ్రవుతాడు. అయినా ఈ సీమలో ఎవరు చెరువు కట్టారో, దాని కింద ఎవరికి మాన్యం ఇచ్చారో, ఏ కరువుకు ఊరు పాడుపడి మళ్ళీ ఎవరు నిలబెట్టారో తెలుసుకోవాలంటే ఇంతకన్నా దగ్గరి సాక్ష్యం తక్కువ. వానలు నమ్మలేని చోట చెరువు చరిత్రే ఊరి చరిత్ర. పటంలో నీలం మరకగా పడేది ఎవరి శ్రమో కైఫీయత్తు చెబుతుంది. నా దృష్టిలో మెకంజీ సర్వేలో అన్నిటికన్నా విలువైన కొలత ఇదే. దాన్ని తీసినవాళ్ళు మనవాళ్ళు.

మద్రాసులో 1816లో థామస్ హికీ గీసిన వర్ణచిత్రంలో ఎర్రకోటు మెకంజీ చుట్టూ ముగ్గురు నిలబడి ఉంటారు. ఒకరి చేతిలో తాళపత్రం, ఇంకొకరి చేతిలో దూరదర్శిని. అంతకు ముందు ఏడే ఆయన భారత సర్వేయరు జనరల్ అయ్యాడు. ఆ పదవికి తొలి మనిషి ఆయనే. 1817లో కలకత్తా వెళ్తూ లక్ష్మయ్యనూ మరి కొందరినీ వెంట తీసుకుపోయాడు. పోగైనదంతా వర్గీకరించి రాయాలన్నది కోరిక. 1821 మే 8న చనిపోయాడు. సౌత్ పార్క్ స్ట్రీట్ శ్మశానంలో సమాధి ఉంది. ఆయన భార్య దగ్గర నుంచి కుంపిణీ సేకరణ మొత్తాన్ని లక్ష రూపాయలకు కొంది. హెచ్. హెచ్. విల్సన్ 1828లో జాబితా అచ్చువేశాడు. అందులో ఎనిమిది వేలకు పైగా శాసనాల నకళ్ళు, రెండు వేలకు పైగా స్థానిక వృత్తాంతాలు, ఆరు వేలకు పైగా నాణేలు ఉన్నాయి. దక్షిణాది భాషల ప్రతులు కొన్ని మద్రాసుకు తిరిగొచ్చాయి. లండన్‌లో మూలపడిన మరికొన్నిటిని సి. పి. బ్రౌన్ వెతికి పట్టుకుని వెనక్కి తెప్పించాడు.

మెకంజీ పోయాక మిగిలిన పనిని తాను పూర్తి చేస్తానని లక్ష్మయ్య ముందుకొచ్చాడు. పాతికేళ్ళు ఆ సేకరణతో బతికినవాడు, ఏ కాగితం ఏ ఊరిదో నోటికి వచ్చినవాడు. 1833లో మద్రాసులో హిందూ సాహిత్య సంఘం పెట్టి మరీ అడిగాడు. విషయం కలకత్తాలోని ఏషియాటిక్ సొసైటీ ముందుకు వెళ్ళింది. 1836లో ఆ సొసైటీ, జేమ్స్ ప్రిన్సెప్ కార్యదర్శిగా ఉన్న రోజుల్లో, ఇలాంటి పరిశీలన ఒక స్వదేశీయుడి వల్ల అయ్యేది కాదని తేల్చింది. పని విలియం టేలర్ అనే పాదరీకి అప్పగించారు. పెనుకొండ కొండ మీద కోణం తప్పితే మళ్ళీ ఎక్కి కొలిచి దిద్దేవాళ్ళు. లక్ష్మయ్య విషయంలో ఎవరూ మళ్ళీ కొలవలేదు.